కదిలే బొమ్మలలో వెన్నుపాము

వెన్నుపాము అనే తెలుగు మాట వినగానే దాని ఆకారం కంటికి కడుతుంది. వీపు నడుమ, ఎముకల గొట్టంలో, తల నుండి కిందికి సాగిన తెల్లని పాము. ఉర్దూలో దీనినే హరామ్ మగ్జ్ అంటారు. ఆ మాట ఆకారాన్ని చెప్పదు, ఒక ఆచారాన్ని చెబుతుంది. మాంసం కోసేవారు వెన్నుపూసల నడుమనున్న ఈ మెత్తని తీగను లాగి పారవేయటం మన విద్యార్థులలో చాలామంది బక్రీదు దినాలలో చూచినదే. ఒక భాష రూపాన్ని బట్టి పేరు పెట్టగా, మరొక భాష దానిని పళ్ళెంలోకి రానీయరాదన్న నియమాన్ని బట్టి పెట్టినది. అయితే అది చేసే పని ఏమిటో రెండు పేర్లలోను లేదు. ఆ పనిని సచిత్ర వీడియో పాఠాల ద్వారా ఎట్లు నేర్చుకొనవచ్చునో, ఆ పాఠాలు ఎక్కడ మనలను ఏమరుస్తాయో ఈ వ్యాసంలో చెప్పదలచాము.

తెలుగు బోధించేవారికి శరీరశాస్త్రంతో పనియేమని పాఠకులు అడుగవచ్చును. జీవశాస్త్రం చదివే విద్యార్థులు ఈ పాఠాలను చూచి, పదాలకు అర్థం అడగటానికి తరచుగా మా వద్దకు వస్తుంటారు. అభివాహి, అపవాహి, పృష్ఠమూలం వంటి పదాలను విప్పి చెప్పటం మా వృత్తియే. కాని వస్తువు తెలియక పదం మాత్రమే విప్పితే ఏమి లాభం? అందుచేత ఆ పాఠాలను వారితోపాటు కూర్చుండి మేమును చూచాము. చూచినకొలది రుచి పుట్టినదని చెప్పటానికి మాకు సంకోచం లేదు.

శరీరాన్ని బొమ్మలతో బోధించటం కొత్త విషయం కాదు. 14వ శతాబ్దం చివర ఇరాన్ దేశపు షీరాజ్ నగర వైద్యుడు మన్సూర్ ఇబ్న్ ఇల్యాస్ పారశీక భాషలో రచించిన శరీర నిర్మాణ గ్రంథం తష్రీహె మన్సూరీలో మనిషి నిలువెత్తు చిత్రాలున్నాయి. నాడుల చిత్రంలో వెన్ను నుండి వెలువడే జంటలను వేరువేరు రంగుల సిరాలతో గుర్తించారు. నేటి వీడియోలలో లోపలికి వచ్చే నాడికి ఒక రంగు, వెలుపలికి పోయే నాడికి ఒక రంగు వేయటం ఆ పాత ఉపాయానికి కొనసాగింపే. ఆ తరువాత స్పెయిన్ దేశంలో రామోన్ యి కహాల్ అనే శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో చూచిన నాడీకణాలను స్వహస్తంతో చిత్రించి, వార్త ఏ దిక్కుగా పోవునో చిన్న బాణపు గుర్తులతో సూచించినాడు. చిన్ననాడు చిత్రకారుడు కావలెనని ఉబలాటపడినవాడాయన. 1906లో గోల్జీతో కలిసి నోబెల్ బహుమతిని పొందినాడు. ఆ బాణాలే నేడు తెరమీద కదులుతున్నాయనుకొనవచ్చును.

కదిలే బొమ్మ వలన నిజమైన ప్రయోజనం ఏమిటి? పాఠ్యపుస్తకంలో వెన్నుపాము అడ్డుకోత బొమ్మ ఒక్కటే ఉంటుంది. నడుమ సీతాకోకచిలుక ఆకారంలో బూడిదరంగు పదార్థం, చుట్టూ తెల్లని పదార్థం. విద్యార్థి దానిని కంఠస్థం చేసి, వెన్నుపాము పొడవునా అదే రూపమని భావిస్తాడు. మంచి వీడియో పాఠం ఆ కోతను మెడ నుండి నడుము వరకు జరుపుకొంటూ పోతుంది. అప్పుడు సీతాకోకచిలుక రెక్కలు ఒకచోట విప్పారి, ఒకచోట ముడుచుకొనటం కనిపిస్తుంది. మెడ కింది భాగంలో రెక్కలు పెద్దవి, ఎందుకనగా చేతులకు పోయే నాడుల కణాలు అక్కడున్నవి. వీపు నడిమి భాగంలో సన్నబడి, నడుము వద్ద కాళ్ళ కొరకు మరల పెద్దవవుతవి. తెల్లని పదార్థం సంగతి వేరు. అది కింద తక్కువ, పైకి పోయినకొలది ఎక్కువ. కాళ్ళ నుండి, మొండెం నుండి, చేతుల నుండి మెదడుకు పోయే పోగులు ఒక్కొక్క మెట్టులో వచ్చి చేరుతుంటాయి. ఊరూరా బండ్లు కలుస్తుంటే పట్నం దగ్గర బాట వెడల్పయినట్లు మెడ దగ్గర తెలుపు అధికమవుతుంది. ఈ సంగతిని మాటలలో చెప్పటానికి మాకు ఇన్ని వాక్యాలు పట్టినవి. తెరమీద అర నిమిషంలో తేలిపోతుంది.

అట్లే పొడవు విషయం. పెద్దవారి వెన్నెముక సుమారు 70 సెంటీమీటర్లు కాగా, లోపలి వెన్నుపాము సుమారు 45 మాత్రమే. మందం చిటికెనవేలంత, బరువు 35 గ్రాములకు అటు ఇటు. తల్లి గర్భంలో మూడవ నెలలో రెండును సమానంగా ఉంటవి. తరువాత ఎముక వడిగా పెరుగుతుంది, పాము వెనుకబడుతుంది. పెరిగిన మనిషిలో అది నడుము మొదటి, రెండవ పూసల దగ్గరనే ముగుస్తుంది. అక్కడి నుండి కిందికి నాడులు మాత్రమే గుర్రపుతోక వలె వేలాడుతుంటవి. వెన్నులో సూది గుచ్చి నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని మన ఇండ్లలో పెద్దలకు గల భయం ఈ బొమ్మ చూచినవారికి తగ్గవలెను. ఆ సూదిని వైద్యులు పాము ముగిసిన చోటుకు దిగువననే, తోకవలె కదిలే నాడుల నడుమ గుచ్చుతారు.

ఇంతవరకు ప్రశంస. ఇక ఆ పాఠాలు తప్పుదారి పట్టించే చోట్లున్నవి.

మొదటిది, పరుగెత్తే వెలుగుచుక్క. దాదాపు ప్రతి పాఠంలోను నాడి ఒక తీగ, వార్త అందులో మిణుగురు వలె పోయే చుక్క. నిజానికి నాడిలో ఒక వస్తువు ఈ కొస నుండి ఆ కొసకు ప్రయాణించదు. పొరకు లోపల, వెలుపల ఉన్న సోడియం, పొటాషియం అయానులు ఉన్నచోటనే అటు ఇటు మారుతూ, ఆ మార్పు పక్కచోటికి అంటుకొంటుంది. పైగా ఆ చుక్కలన్నీ ఒకే వేగంతో పోతుంటాయి. మయలిన్ అనే కొవ్వు తొడుగున్న లావు పోగులలో వార్త సెకనుకు 120 మీటర్ల వరకు పోగలదు. తొడుగు లేని సన్నని పోగులలో ఒకటి రెండు మీటర్లే. గడపకు కాలివేలు కొట్టుకొన్నప్పుడు తగిలిందని వెంటనే తెలిసి, ఆపైన ఒక క్షణానికి మంటతో కూడిన నొప్పి నింపాదిగా రావటం ఇందువలననే. కాలి నుండి వెన్ను వరకు ఒక మీటరు దూరమే అయినా, రెండు వార్తలు ఒకేసారి బయలుదేరి వేరువేరు వేళలకు చేరుతవి. ఈ అనుభవం లేని విద్యార్థి ఉండడు. వీడియో మాత్రం దానిని చూపదు.

రెండవది, మోకాలి ప్రతీకార చర్య. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టితే కాలు ఎగురుతుంది. 1875లో జర్మనీ దేశపు వైద్యులు ఎర్బ్, వెస్ట్‌ఫాల్ దీనిని విడివిడిగా ప్రకటించారు. పాఠాలలో ఒక నాడి లోనికి, ఒక నాడి వెలుపలికి, అంతటితో చాపం ముగుస్తుంది. మెదడు ప్రమేయం లేకుండా వెన్నుపాము సెకనులో సుమారు 50వ వంతులో కండరానికి ఆజ్ఞ పంపుతుందన్నది సత్యమే. కాని తొడ ముందరి కండరం బిగుసుకొనాలంటే వెనుక కండరం సడలవలెను గదా! లోనికి వచ్చిన అదే వార్త మధ్యనున్న మరొక చిన్న కణాన్ని తట్టి, వెనుక కండరపు నాడిని ఊరుకోబెడుతుంది. చేయుమనటం ఎంత ఆజ్ఞయో, మానుమనటం కూడ అంత ఆజ్ఞయే. 1932లో నోబెల్ బహుమతి పొందిన షెరింగ్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు విస్తారంగా పరిశోధించినది ఈ మానుమనే ఆజ్ఞను గూర్చియే. తెరమీద వెలిగే చుక్కను చూపటం సులభం, వెలగని చుక్కను చూపటం కష్టం. అందుచేత అది పాఠంలో లేకుండా పోయినది.

ఇక మూడవది, మెదడు రాజు, వెన్నుపాము వార్తాహరుడు అనే పాత పోలిక. ఇంట్లో వేడి పాలగిన్నె పట్టుకొన్న తల్లిని తలచుకొనండి. చేయి కాలుతున్నది. విడువుమని వెన్నుపాము అప్పుడే నిర్ణయించినది. కింద పసిబిడ్డ పాకుతున్నాడు. మెదడు నుండి దిగిన ఆజ్ఞ ఆ నిర్ణయాన్ని ఆపి పట్టినది. ఆమె గిన్నెను దించిన తరువాతనే చేతిని చూచుకొంటుంది. ఇది రాజు, సేవకుల కథ కాదు. ఇద్దరు నిర్ణేతల నడుమ జరిగిన వ్యవహారం. మంచి చిత్రకారునికి ఈ దృశ్యం దొరికితే ఎంత గొప్ప పాఠమగును!

చూచినంత మాత్రాన వచ్చినదా, రాలేదా అని తేల్చుకొనటానికి మేము విద్యార్థులకు ఒక ప్రశ్న ఇస్తుంటాము. వీపు నడిమి భాగంలో వెన్నుపాము ఎడమ సగం మాత్రమే తెగినదనుకొనండి. ఏ కాలికి ఏమవుతుంది? పాఠం చూచి తృప్తితో లేచినవారిలో ఎక్కువమంది ఎడమకాలికి అన్నియు పోతవని చెబుతారు. సరియైన జవాబు వింతగా ఉంటుంది. ఎడమకాలికి కదలిక పోతుంది, అది ఏ స్థితిలో ఉన్నదో తెలియదు. కాని నొప్పి, వేడి తెలియనిది కుడికాలికి! కారణం దారులు దాటే చోటులో ఉన్నది. నొప్పిని, వేడిని మోసే పోగులు వెన్నుపాములో ప్రవేశించిన కొద్ది దూరంలోనే ఆవలి ప్రక్కకు దాటుతవి. స్థితిని తెలిపే పోగులు అదే ప్రక్కన పైకి సాగి, మెదడు అడుగుననున్న మజ్జాముఖంలో దాటుతవి. కదలిక ఆజ్ఞలు దిగేటప్పుడే అక్కడ దాటి వస్తవి. మారిషస్ దీవిలో 1817లో జన్మించిన బ్రౌన్ సెకార్ ఈ లక్షణాలను విశదీకరించినాడు. ఈ మూడు దారులను కాగితం మీద మూడు రంగుల పెన్సిళ్ళతో గీయగలిగినవాడు జవాబు చెప్పగలడు. పదిసార్లు చూచి ఒక్కసారి గీయనివాడు చెప్పలేడు.

1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరంపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు వచ్చినవి. వాటిలో మన తెలుగు గ్రామాలును ఉండెను. ఆ పాఠం వచ్చినవేళకు కూర్చుండవలెను, పోయినది పోయినదే. నేటి విద్యార్థికి వ్రేలితో తాకి బొమ్మను ఆపే అవకాశం కలదు. ఆ అవకాశాన్ని వాడుకొనేవారు తక్కువ. మా సలహా ఇది. మొదటిసారి శబ్దం తీసివేసి చూడండి. ప్రతి దృశ్యం వద్ద ఆపి, ఏమి జరుగుతున్నదో సొంత వాక్యంలో చెప్పండి. ఉర్దూ మాధ్యమం విద్యార్థి, తెలుగు మాధ్యమం విద్యార్థి పక్కపక్కన కూర్చుండి ఒకరు ఉర్దూలో, మరొకరు తెలుగులో చెబితే మరీ మంచిది. వాక్యం ఎక్కడ తడబడుతుందో అక్కడ అర్థం కాలేదన్నమాట. ఆ పిమ్మట శబ్దం పెట్టి వినండి. పదాలకు మనం బీదలం కాము. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రాలను ఉర్దూలో బోధించినది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి తెలుగులో పాఠ్యగ్రంథాలను వెలువరించినది. రెండు అలమారాలు ఉన్నవి, తెరిచేవారు కావలెను.

పరీక్షలో వచ్చే మార్కులకంటె పెద్ద విషయం ఒకటి ఈ పాఠంలో ఉన్నది. మన రహదారులమీద మోటారు సైకిలు ప్రమాదం జరిగితే చూచినవారు పరుగున వస్తారు. వారి మంచితనానికి లోటు లేదు. ఒకరు చంకలు పట్టి, ఒకరు కాళ్ళు పట్టి లేపి, మడిచి ఆటోలో కూర్చుండబెడతారు. పూస విరిగి, లోపలి పాము ఇంకను తెగక ఉన్న మనిషి అయితే, ఆ మడతలో విరిగిన ఎముక అంచు దానిని నలిపివేయవచ్చును. చేతిలో నాడి తెగితే మెల్లగా మరల పెరిగే ఆశ ఉన్నది. వెన్నుపాములోని పోగులకు ఆ శక్తి లేనట్లే. దెబ్బ మెడలో తగిలితే చేతులు, కాళ్ళే కాదు, ఊపిరియే ఆగవచ్చును. ఉదరవితానాన్ని కదిలించే నాడి మెడలోని మూడు, నాలుగు, ఐదవ జంటల నుండి వస్తుంది గనుక. అందువలన నిప్పు, నీరు, మీదికి వచ్చే వాహనాలు వంటి తక్షణ ప్రమాదం లేనిచో అతనిని కదల్చవద్దు. తలను రెండు చేతులతో ఉన్నస్థితిలోనే నిలకడగా పట్టుకొనవలెను. రక్తం కారుతుంటే గుడ్డతో అదిమిపట్టవలెను. శ్వాస ఉన్నదో లేదో గమనిస్తుండవలెను. శ్వాస నిలిచిపోయినచో మెడ భయంతో చేతులు కట్టుకొని కూర్చుండరాదు. వెల్లకిల పరుండబెట్టి రొమ్ము నొక్కటమే ముందరి పని. 108కు ఫోను చేయాలి. వారు వచ్చి బల్లమీద తల, మెడ, మొండెం ఒకే వరుసలో ఉంచి తీసికొనిపోతారు. సీతాకోకచిలుక బొమ్మ గీయటం వచ్చిన విద్యార్థి రోడ్డుమీద ఈ మాట నలుగురికి గట్టిగా చెప్పగలగవలెనని మా కోరిక. ఎందుకని వారడిగితే, కారణం చెప్పగలవాడు అతడే.

కళాశాల కమిటీవారు జీవశాస్త్రపు గదిలో పెద్ద తెర ఏర్పాటు చేయ తలపెట్టటం సంతోషకరం. దానితోపాటు విడదీసి చూపగల వెన్నుపూసల నమూనా ఒకటి, ఉర్దూ, తెలుగు పదాలు పక్కపక్కన వ్రాసిన పటం ఒకటి కావలసి ఉన్నవి. పటాన్ని వ్రాసి ఇచ్చే బాధ్యత తెలుగు, ఉర్దూ శాఖలు స్వీకరించగలవు. పాఠం పది నిమిషాలదైనా ఆపి ఆపి చూడటానికి రెండు పీరియడ్లు వరుసగా కావలెను. కాలనిర్ణయ పట్టికలో చోటివ్వవలసినదిగా మనవి. మరొక్కటి. తెర బిగించటానికి గోడమీది నల్లబల్లను తీసివేయవలసి వస్తుందని విన్నాము. తెరను పక్క గోడకు బిగించి, నల్లబల్లను ఉన్నచోటనే ఉండనీయవలసినదిగా కమిటీవారిని ప్రార్థిస్తున్నాము.