ఇచ్చిన ఫోన్ తిరిగి రావాలంటే...



గత నెల మా ఆరో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ పీరియడ్‌లో 'సాయంత్రం మా ఇల్లు' అనే అంశం ఇచ్చి పది వాక్యాలు రాయమన్నాను. సింపుల్ ప్రెజెంట్ టెన్స్ ఎంతవరకు వచ్చిందో చూద్దామని ఇచ్చిన పని అది. నోటుబుక్కులు దిద్దుతూ కూర్చున్నాక టెన్స్ సంగతే మర్చిపోయాను. దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఫోన్ ఉంది. "నేను గెలిచే టైమ్‌కి అమ్మ ఫోన్ లాక్కుంటుంది" అని ఒక బాబు రాశాడు. "నేను స్కూల్ సంగతులు చెబుతుంటే నాన్న ఫోన్ చూస్తూ ఊఁ అంటారు, తర్వాత ఏం చెప్పావు అని అడుగుతారు" అని ఒక పాప రాసింది. ఇంగ్లిష్‌లో ఆ పాప వాక్యంలో ఒక 'ఎస్' తగ్గింది. ఎర్ర పెన్నుతో దిద్దడానికి చేయి రాలేదు.

పేరెంట్స్ మీటింగ్‌లో నేను ఎక్కువగా వినే మాట, "ఫోన్ వదలడం లేదు మేడమ్, మీరైనా గట్టిగా చెప్పండి." చెబుతాను. బుద్ధిగా తల ఊపుతారు. ఇంటికి వెళ్లాక మామూలే. అందుకని అసలు ఫోన్ ఇవ్వాలా వద్దా అన్న చర్చ ఈసారి పక్కన పెడదాం. ఇచ్చిన ఫోన్ ఏడుపులూ అరుపులూ లేకుండా తిరిగి మన చేతికి ఎలా వస్తుంది, దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. హోంవర్క్‌ని క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేది మేమే. "హోంవర్క్ చూసుకుని ఇస్తా" అని ఏడింటికి తీసుకున్న ఫోన్ తొమ్మిదింటికి వస్తుంది. హోంవర్క్ చూడడానికి పట్టేది రెండు నిమిషాలు. ఈ టర్మ్ నుంచి నా క్లాసులో చివరి బెల్ కొట్టక ముందే హోంవర్క్ బోర్డు మీద రాస్తున్నాను, పిల్లలు డైరీలో ఎక్కించుకుంటున్నారు. దయచేసి రోజూ డైరీ చూడండి. ఎప్పుడైనా వర్క్‌షీట్ ఫోటో పంపాల్సి వస్తే, ఆండ్రాయిడ్ ఫోన్లలో 'యాప్ పిన్నింగ్' అని ఒక సౌకర్యం ఉంది. ఆ ఫోటో తెరిచి పిన్ చేసి ఇస్తే, మీ లాక్ నంబర్ లేకుండా వేరే యాప్‌లోకి వెళ్లలేకుండా పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద వెతకండి. ఫోన్ కంపెనీని బట్టి పేరు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

ఇక అసలు విషయం. పిల్లలు ఎందుకు ఆపలేకపోతున్నారు? నా చిన్నప్పుడు టీవీలో కార్టూన్ అరగంటలో అయిపోయేది. ఆ వెంటనే అమ్మ సీరియల్. లేవక తప్పేది కాదు. ఇప్పుడు ఒక వీడియో అయిపోగానే దానంతట అదే ఇంకోటి మొదలవుతుంది. టిక్‌టాక్‌ని మన దేశంలో 2020 జూన్‌లో నిషేధించారు. కొద్ది నెలలు తిరక్కుండానే రీల్స్, షార్ట్స్ వచ్చేశాయి. వాటికి 'అయిపోవడం' అనేదే లేదు, బొటనవేలు కదిలినంతసేపు వస్తూనే ఉంటాయి. పెద్దవాళ్లం మనమైనా ఆగుతున్నామా? పొద్దున్నే లేవడానికి అలారం పెట్టుకుందామని రాత్రి ఫోన్ తీసి, గంట తర్వాత చూస్తే అలారం పెట్టనే లేదు. ఇది నా కథే.

కాబట్టి ఎక్కడ ఆపాలో ఫోన్ చేతిలో పెట్టక ముందే అనుకోవాలి. ఇచ్చేశాక చెప్పిన మాట వాళ్ల చెవికెక్కదు. ఇక్కడ చాలామంది "పావుగంట" అంటారు. ఆటలో మునిగిన పిల్లలకు పావుగంట అంటే ఎంతో తెలియదు. పైగా పావుగంట అయ్యేసరికి మ్యాచ్ మధ్యలో ఉంటారు, అవతల స్నేహితులు ఆడుతుంటారు. అప్పుడు లాక్కుంటే మన దృష్టిలో అది క్రమశిక్షణ, వాళ్ల దృష్టిలో అన్యాయం. అందుకే నిమిషాలు కాకుండా పనిని లెక్కపెట్టి చూడండి. "రెండు వీడియోలు", "ఒక మ్యాచ్". మ్యాచ్‌కి ఎంతసేపు పడుతుందో వాళ్లనే అడగండి. వాళ్లు చెప్పడం, మీరు వినడం అన్నది అక్కడే మొదలవుతుంది. యూట్యూబ్‌లో వీడియో పైన కనిపించే ఆటోప్లే బటన్ ఆపేసి ఇవ్వండి. షార్ట్స్‌కి మాత్రం ఈ లెక్క పనిచేయదు. వాటిని ఒప్పందంలోకే రానివ్వకపోవడం మంచిదని నా అభిప్రాయం.

అయిపోవచ్చే సమయానికి వంటింట్లోంచి కేక వేయకండి. పక్కన వచ్చి కూర్చుని ఒక్క నిమిషం ఆ స్క్రీన్ చూడండి, "ఇప్పుడు ఏమవుతోంది?" అని అడగండి. అయిపోయాక ఫోన్ మీరు తీసుకోకండి, తనే తీసుకెళ్లి ఫలానా చోట పెట్టాలి. మొదటి వారం పెట్టరు. ఏడుస్తారు, బతిమాలతారు. ఏడుపు చూసి మళ్లీ ఇచ్చారంటే, ఎంతసేపు ఏడిస్తే ఫోన్ వస్తుందో మనమే నేర్పినట్టు. అలాగే రెండు వీడియోలని చెప్పి, మీకు కోపం వచ్చిందని ఒకదానికే తీసేసుకోకండి. ఒప్పందం ఇద్దరికీ ఒకటే.

లాక్ వేసేస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. చిన్న పిల్లలకు ఫ్యామిలీ లింక్ లాంటి యాప్ పెట్టుకోండి, రోజుకి ఎంతసేపు అన్నది అందులో సెట్ చేయొచ్చు. కానీ తాతయ్య ఫోన్‌కి లాక్ ఉండదని పిల్లలందరికీ తెలుసు.

లాక్ కంటే నన్ను ఎక్కువ భయపెట్టిన సంగతి ఒకటుంది. మా విద్యార్థిని ఒకరికి ఆన్‌లైన్ గేమ్‌లో పరిచయం అయిన వ్యక్తి ఫోటో పంపమని అడిగాడు. ఆ పాప పంపలేదు, తెలివైనది. కానీ వారం రోజులు భయంతో ఎవరికీ చెప్పలేదు. లంచ్ బ్రేక్‌లో నాతో చెప్పినప్పుడు, "ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను. "చెబితే ఫోన్ తీసేస్తారు మిస్" అంది. మనం లాక్కున్న ప్రతిసారీ పిల్లలు నేర్చుకునేది ఇదేనేమో అనిపించింది. ఈ రోజే మీ పిల్లలతో ఒక్క మాట అనండి: "ఫోన్‌లో ఏదైనా తేడాగా కనిపిస్తే నాకు చెప్పు, నిన్ను తిట్టను, దానికోసం ఫోన్ తీసేయను." చెప్పినప్పుడు నిజంగానే తిట్టకండి. అవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

నిద్ర సంగతి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఏడుంబావుకి బస్ ఎక్కాలంటే ఆరింటికి లేవాలి, అంటే తొమ్మిదింటికల్లా నిద్రపోవాలి. ఫౌండేషన్ క్లాసులు, ట్యూషన్లు పోగా మిగిలే సాయంత్రం ఎంతో మీకూ తెలుసు. అందుకే ఎనిమిదిన్నరకి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఒకచోట చార్జింగ్‌కి పెట్టండి. అన్నీ అంటే మీవి కూడా. అలారం కోసం ఒక గడియారం కొనుక్కుంటే సరి, నేనూ కొన్నాను.

ఇంట్లో బుల్లి తమ్ముడో చెల్లెలో ఉండి, ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద దిగని పరిస్థితి ఉంటే: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకి గంట దాటకూడదు. అమ్మమ్మ, నానమ్మలకు ఇది మెల్లగా చెప్పాలి, వాళ్ల ఇబ్బంది వాళ్లది.

ఈసారి మీటింగ్‌కి వచ్చినప్పుడు మార్కుల షీట్‌తో పాటు ఆ ఇంగ్లిష్ నోటుబుక్ కూడా అడిగి తీసుకోండి. మీ బాబో పాపో రాసిన పది వాక్యాలు అక్కడే కూర్చుని చదవండి, గ్రామర్ తప్పులు నేను చూసుకుంటాను. ఈ టర్మ్ చివర్లో అదే అంశం మీద మళ్లీ రాయిస్తున్నాను.