కూర్చునే హక్కు

అంగడి అందరిదీ. కొనడానికి వచ్చిన ప్రతి మనిషినీ సమానంగా ఆదరించడం వ్యాపారధర్మం. అయితే అంగడిలో ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు అన్నది పరిశీలిస్తే సమాజంలోని అంతరాలు స్పష్టంగా గోచరిస్తాయి.

బతుకమ్మ, దసరా పండుగల వేళ వరంగల్, హన్మకొండ చౌరస్తాల పరిసరాలలోని బట్టల దుకాణాలు కిటకిటలాడుతుంటాయి. ఖరీదైన పట్టుచీరలు కొనవచ్చినవారికి మెత్తని ఆసనం, చల్లని పానీయం లభిస్తాయి. వెలిసిన దుస్తులతో పల్లె నుండి వచ్చిన కూలిమనిషికి అంతటి ఆదరణ దొరకడం అరుదు. ఇరువురికీ చీరలు పరచి చూపే యువతి మాత్రం పొద్దస్తమానం నిలబడియే ఉంటుంది. ఆమె మడతపెట్టే చీరలలో చాలావాటిని ఆమె జీతం కొనలేదు.

మన సమాజంలో ఆసనం గౌరవానికి గుర్తు. ఎవరి ముందు ఎవరు కూర్చోరాదో ఒకనాడు కులమే నిర్ణయించేది. పల్లెల్లోని టీ హోటళ్ళలో దళితులకు వేరు గ్లాసులు పెట్టే 'రెండు గ్లాసుల పద్ధతి' తెలుగునేలపై దీర్ఘకాలం సాగింది. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం, దుకాణాలు, హోటళ్ళలో ప్రవేశానికి మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అడ్డు కారాదని 15వ అధికరణంలో శాసించింది. 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. 1955లో చేసిన చట్టం దాని ఆచరణకు శిక్షలు విధించింది.

అమెరికాలో ఇటువంటి వివక్ష వర్ణం పేరిట సాగింది. నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరో నగరంలో వూల్‌వర్త్ దుకాణం నల్లజాతివారికి వస్తువులు అమ్మేది. ఫలహారపు బల్ల వద్ద మాత్రం కూర్చోనిచ్చేది కాదు. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు అక్కడ కూర్చున్నారు. వడ్డించడానికి నిరాకరించినా వారు లేవలేదు. శాంతియుతమైన ఆ నిరసన అనేక నగరాలకు వ్యాపించింది. జూలై 25న యాజమాన్యం దిగివచ్చింది. ఆనాడు ఆ బల్ల వద్ద మొదట కూర్చొని తిన్నవారు ఆ దుకాణంలోనే పనిచేసే నల్లజాతి ఉద్యోగులు. అంతవరకు వారికి అక్కడ పని ఉన్నది గాని పీట లేదు.

కొనేవారికై ఆరంభమైన పోరాటమది. అమ్మేవారి పోరాటానికి కేరళలోని కోళిక్కోడ్ వేదికైంది. అక్కడి మిఠాయి వీధి దుకాణాలలో పనిచేసే స్త్రీలు, దర్జీపని చేసే విజి నాయకత్వంలో 'పెణ్‌కూట్టు' అనే సంఘంగా ఏర్పడ్డారు. మరుగుదొడ్లు కావాలని, పనివేళల్లో కూర్చోనివ్వాలని ఉద్యమించారు. ఫలితంగా 2018లో కేరళ, దుకాణాలలో ఉద్యోగులకు ఆసనాలు కల్పించాలని చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది.

నిలబడి పనిచేసే కార్మికులకు వీలు దొరికినపుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టమే చెప్పింది. దుకాణాలు దాని పరిధిలోకి రాలేదు. 1988లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన దుకాణాల చట్టం రోజుకు 8, వారానికి 48 పనిగంటల పరిమితి విధించింది. 1934లో స్థాపితమైన ఆజంజాహి మిల్లు మూతపడిన ఓరుగల్లులో నేడు ఎందరో యువతీయువకులకు దుకాణమే జీవనాధారం. కనుక ఈ హక్కులు వారికి ప్రాణావసరాలు.

చట్టం కుర్చీ వేయించగలదు. దానిపై కూర్చున్న ఉద్యోగిని సోమరిగా గాక సాటిమనిషిగా చూడగల సంస్కారం యజమానులలోను, కొనుగోలుదారులలోను కలగాలి.