లీటరు పాల మీద పెట్రోలు ఎంత పడుతున్నది?



2021 సెప్టెంబరు నెలాఖరున ఒక సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్లాను. ఆ వేసవి చివరనే పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటింది. కార్యదర్శి జమాఖర్చులు చదవటం పూర్తి కాకముందే వెనుక వరుసలో ఒక పెద్దాయన లేచి, "లెక్కలు తర్వాత చదువుదురుగాని, పెట్రోలు వంద దాటింది, పాలకు ఎంత పెంచుతారో ముందు అది చెప్పండి" అన్నారు. సభ మొత్తం ఆయన పక్షమే. అధ్యక్షులవారు నా వైపు చూశారు. పాల ధర నిర్ణయించేది యూనియన్ అనీ, అది ఇన్‌స్పెక్టరు చేతిలోని పని కాదనీ చెప్పి కూర్చున్నాను. చెప్పింది నిజమే. కాని అది ఆయన అడిగిన దానికి జవాబు కాదు.

ఆ సాయంత్రం పాల కేంద్రం దగ్గర నిలబడి చూశాను. రెండు కిలోమీటర్ల దూరంలోని ఒక పేట నుంచి అరగంటలో ఏడు మోటారు సైకిళ్లు వచ్చాయి. ఒక్కొక్క బండికి రెండు లీటర్లో మూడు లీటర్లో పాలు పట్టే చిన్న క్యాను. అందరిదీ అదే దారి, అదే వేళ. ఉదయం నన్ను అడిగిన పెద్దాయన కూడా కొడుకు బండి మీద వెనుక కూర్చుని రెండున్నర లీటర్లు తెచ్చారు. ఆయన పాస్‌బుక్కు వెనుక అట్ట మీద అక్కడే ఒక లెక్క వేసి చూపించాను. ఈ పాఠం ఆ లెక్కే. అంకెలు మాత్రం ఇప్పటికి తగినట్లు మార్చాను. లెక్క సులువుగా ఉండటానికి పెట్రోలు లీటరు 108 రూపాయలు, డీజిలు 96 రూపాయలు అనుకుందాం. మీరు మీ ఊరి బంకు ధర వేసుకోండి.

పేట నుంచి కేంద్రానికి 2 కిలోమీటర్లు. పోను రాను 4. ఉదయం, సాయంత్రం కలిపి రోజుకు 8 కిలోమీటర్లు. గుంతల దారిలో, ఆగుతూ సాగుతూ పోయే బండి లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తే అదృష్టమే. ఆ లెక్కన రోజుకు 160 మిల్లీలీటర్ల పెట్రోలు, అనగా 17 రూపాయల 28 పైసలు. రోజుకు 5 లీటర్ల పాలు పోసే సభ్యునికి లీటరు పాల మీద 3 రూపాయల 46 పైసలు దారిలోనే ఖర్చయిపోతున్నది. గేదె ఈత చివరకు వచ్చి 3 లీటర్లకు దిగినప్పుడు అది 5 రూపాయల 76 పైసలు అవుతుంది. నెలకు చూస్తే 518 రూపాయలు, ఏడాదికి 6,300 రూపాయలు.

ఈ ఖర్చు పాల బిల్లులో ఎక్కడా కనపడదు. దాణా బాకీ కోత కనపడుతుంది, వాటాధనం కోత కనపడుతుంది, పెట్రోలు కనపడదు. దానిని జేబులోంచి బంకు దగ్గర ఇచ్చేస్తాం. ఏ సమావేశంలో చూసినా యాభై పైసల కోత మీద గంటసేపు వాదన జరుగుతుంది, మూడున్నర రూపాయల మాట ఎవరూ ఎత్తరు. "బండి పాల కోసమే కాదుగదా సార్, వేరే పనులకూ తిరుగుతుంది" అని ఒక కుర్రవాడు నాతో అన్నాడు. ఒప్పుకున్నాను. నేను లెక్క వేసింది పాల కోసం తిరిగిన 8 కిలోమీటర్లే. టీ కొట్టుకు, సినిమాకు తిరిగినది వాళ్ల నాన్నగారు వేరే వేసుకోవాలి.

ధర పెరగటం వల్ల ఎంత నష్టం వచ్చిందో కూడా చూద్దాం. హైదరాబాదులో 2021 జనవరిలో 87 రూపాయల దగ్గర ఉన్న లీటరు పెట్రోలు ఆ నవంబరు మొదటికి 114 దాటింది. దీపావళి ముందురోజు కేంద్ర ప్రభుత్వం ఎక్సైజు సుంకం పెట్రోలు మీద 5, డీజిలు మీద 10 రూపాయలు తగ్గించింది. ఆ పది నెలల పెరుగుదల 27 రూపాయలు. మన 8 కిలోమీటర్ల సభ్యునికి దానివల్ల పడిన అదనపు భారం రోజుకు 4 రూపాయల 30 పైసలు, లీటరు పాల మీద 86 పైసలు. చిన్న భారమని నేను అనను. అయితే బండి మీద ఒంటరిగా రావటం వల్ల పడే భారం దానికి నాలుగు రెట్లు. అది ధర పెరగకముందూ ఉన్నది.

పెట్రోలు ధర మన చేతిలో ఉండదు. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 80 పాళ్లకు పైగా బయటి నుంచి కొనుక్కోవలసిందే. 1973 అక్టోబరు యుద్ధం వేళ అరబ్బు దేశాలు చమురు బిగపట్టగా, పీపా 3 డాలర్ల దగ్గర ఉన్నది 1974 జనవరికి 11 డాలర్లు దాటింది. 1979లో ఇరాన్ విప్లవం, 1990లో కువైటు ఆక్రమణ వచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. 2017 జూన్ నుంచి మన దేశంలో బంకు ధరను ఏ రోజుకారోజు మార్చే పద్ధతి వచ్చింది. కనుక ఎక్కడో జరిగినదాని భారం మన పాల క్యాను మీదకు రావటం ఇది మొదటిసారీ కాదు, చివరిసారీ కాదు. మన చేతిలో ఉన్నది ఆ 8 కిలోమీటర్లు ఎన్ని లీటర్లకు పంచుతామన్నది మాత్రమే.

నాలుగు ఇళ్లవారు వంతులు వేసుకుంటే రోజుకు ఒక్క బండి చాలు. ఒక పూటకు ఇంటికి రెండున్నర లీటర్ల చొప్పున నలుగురివీ కలిపి 10 లీటర్లు, బండికి అది బరువే కాదు. ఒక్కొక్కరికి రోజుకు 4 రూపాయల 32 పైసలు, లీటరు పాల మీద 86 పైసలు పడుతుంది. నెలకు దాదాపు 390 రూపాయలు మిగులుతాయి. యూనియన్ పాల ధరను లీటరుకు 2 రూపాయల 60 పైసలు పెంచితే వచ్చేది ఎంతో ఇదీ అంతే.

చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. ఆ పేటలోనే నలుగురు వంతులు మొదలుపెట్టారు. మూడో వారంలో తగాదా వచ్చింది. ఒకరి పాలకు వెన్న 7 శాతం నుంచి 5.8కి పడిపోయింది. "దారిలో ఎవరో మార్చారు" అని ఒకరు, "నీ గేదె మేత మారింది" అని మరొకరు. నిజానికి ఆ ఇంట్లో ఆ పూట దూడకు చివరి పాలు వదిలేశారట. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ ఉంటుంది. కాని అప్పటికి మాటలు పెరిగిపోయాయి. తర్వాత కార్యదర్శి ఒక కట్టుబాటు పెట్టారు. ఎవరి పాలు వారి క్యానులోనే, మూత బిగించి, సభ్యత్వ సంఖ్య రాసి రావాలి. ఎవరివీ కలపకూడదు. కేంద్రంలో ఎవరి నమూనా వారిదిగా తీసి, చీటీ మీద వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. రాసి అదే క్యానుతో తిప్పి పంపాలి. వారానికి ఒకరోజు ఎవరి పాలు వారే తెచ్చి పరీక్ష ఎదుట నిలబడి చూసుకోవచ్చు. ఈ కట్టుబాటు వచ్చాక తగాదా రాలేదని చెప్పను, తగ్గింది. ఇంకొక్క జాగ్రత్త: వంతు వాడి కోసం ఎదురుచూస్తూ పాలు ఎండలో ఉంచితే పొదుపు చేసినదంతా విరిగిన పాలలో పోతుంది. పితికిన గంట లోపల క్యాను బయలుదేరాలి.

సైకిలు మాట ఎత్తితే నవ్వుతారు. రెండు కిలోమీటర్లు సైకిలు మీద పది పన్నెండు నిమిషాలు. నా మోకాళ్లు ఒప్పుకోవు గాని, ఇంటర్మీడియెట్ చదివే పిల్లల మోకాళ్లకు ఏమయింది?

ఇప్పుడు రెండో లెక్క. ఇది సంఘం లెక్క. మన పేట మనిషికి దారి ఖర్చు లీటరుకు మూడున్నర పడుతున్నప్పుడు, ఇంటి ముందుకు వచ్చి పాలు పట్టుకుపోయే ప్రైవేటు వ్యాపారి లీటరుకు రెండు రూపాయలు తక్కువ ఇచ్చినా ఆయనకే లాభంగా కనపడుతుంది. అతన్ని నేను తప్పుపట్టను. సంఘ విధేయత గురించి ఉపన్యాసం చెప్పి అతన్ని వెనక్కి తేలేం, అతని లెక్క సరైనదే కనుక. కాని అతను వెళ్లిపోతే మిగిలినవారికి ఏమవుతుందో చూడండి.

పాల వ్యాను రూటు పోను రాను 60 కిలోమీటర్లు. డీజిలు లీటరుకు 12 కిలోమీటర్లు వస్తే 5 లీటర్లు, అనగా ట్రిప్పుకు 480 రూపాయలు. రూటు మీది సంఘాలన్నీ కలిసి 800 లీటర్ల పాలు పోస్తే లీటరుకు 60 పైసలు. అవే సంఘాలు 500 లీటర్లే పోస్తే లీటరుకు 96 పైసలు. వ్యాను ఖాళీ క్యానులతో వచ్చినా అదే డీజిలు తాగుతుంది. ఇప్పుడు డీజిలు ధర 5 రూపాయలు పెరిగిందనుకోండి. ట్రిప్పుకు 25 రూపాయలు, 800 లీటర్ల మీద పంచితే లీటరుకు 3 పైసలు. డీజిలు పెరగటం వల్ల 3 పైసలు, 300 లీటర్ల పాలు తగ్గటం వల్ల 36 పైసలు. పన్నెండు రెట్లు! డ్రైవరు జీతం, వ్యాను అద్దె ఇందులో కలపలేదు, అవీ ఇలాగే పంచబడతాయి. రవాణా యూనియన్ పద్దులో ఉన్నా సంఘం పద్దులో ఉన్నా చివరకు అది పాల మీదే పడుతుంది.

అందుచేత దూరపు పేటలున్న సంఘాల పాలకవర్గాలు ఒక విషయం ఆలోచించవలసి ఉన్నది. పేటలో ఇరవై మంది పాలు పోసేవారుంటే అక్కడే పూటకు అరగంటసేపు తూకం, నమూనా తీసే ఏర్పాటు చేసి, ఒక్క ఆటోలో కేంద్రానికి తెప్పించుకోవచ్చు. ఆటోకు అయ్యే ఖర్చు, వెళ్లిపోయిన సభ్యులు తిరిగి వస్తే వచ్చే పాలు, రెండూ పక్కపక్కన రాసి చూడండి. కొన్నిచోట్ల గిట్టదు. గిట్టనిచోట వంతులే మార్గం. సంఘంలో బల్క్ కూలరు ఉన్నవారికి ట్యాంకరు పూటపూటకూ రానవసరం లేదు, పాలు 4 డిగ్రీల వద్ద నిలవ ఉంటాయి కనుక. అయితే కూలరు సగం కూడా నిండకపోతే కరెంటు బిల్లు, జనరేటరు డీజిలు వ్యాను చేసిన పనే చేస్తాయి.

మూడో లెక్క కొట్టంలో ఉన్నది. పాల ఉత్పత్తి ఖర్చులో నూటికి 60, 70 పాళ్లు మేత, దాణాలదే. తవుడు, పత్తి చెక్క లారీ మీద వస్తాయి, డీజిలు పెరిగితే వాటి ధరా కదులుతుంది. ఇక్కడ సభ్యులు చేసే పెద్ద పొరపాటు దాణా కోసేయటం. గేదె కడుపు మాడ్చితే వారం రోజుల్లో పాలు తగ్గుతాయి, ఆ తర్వాత ఎదకు రాదు, వట్టి గొడ్డును నెలల తరబడి మేపవలసి వస్తుంది. బజారు నుంచి తెచ్చేదాన్ని పొలం నుంచి తెచ్చేదానితో మార్చుకోవటమే దారి. అలసంద, పిల్లిపెసర, లూసర్న్ వంటి పప్పుజాతి పచ్చిమేత సుమారు 10 కిలోలు వేస్తే ఒక కిలో దాణా తగ్గించవచ్చు. ఒకేసారి కాదు, పది రోజుల మీద నెమ్మదిగా మార్చాలి.

వామిలోని వరిగడ్డిని కూడా బాగు చేసుకోవచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టాతో మూడు వారాలు కప్పి ఉంచాలి. నూటికి 3, 4 పాళ్లుండే మాంసకృత్తులు 7 దాకా పెరుగుతాయి. రాయితీ ధరలో ఆ యూరియాకు పాతిక రూపాయల లోపే. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు వేయరాదు. యూరియా నీళ్లను కుడితిలో కలపటం, తాగించటం ప్రాణాపాయం. ఈ ఒక్క మాట కార్యదర్శులు పాలు పోసే బల్ల దగ్గర గోడ మీద రాయించండి.

నాలుగైదు గొడ్లున్న ఇంటివారు గోబర్ గ్యాసు గురించి అడుగుతుంటారు. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ కావాలి. లెక్క ప్రకారం అది రోజుకు 900 గ్రాముల వంటగ్యాసుకు సమానం. చలికాలంలో తగ్గుతుంది. నెలకు ఒక సిలిండరు మిగులుతుందనుకోండి చాలు. పాడుపడ్డ ప్లాంట్లు నేను చాలా చూశాను. వాటిలో ఎక్కువభాగం చెడింది యంత్రం వల్ల కాదు, రోజూ పేడ కలిపే మనిషి లేక. ఆ పని ఎవరు చేస్తారో ఇంట్లో తేల్చుకున్నాకే గుంత తవ్వించండి.

ఆ పేటలో భర్త పోయిన ఒక సభ్యురాలున్నారు. ఒక్క గేదె, రోజుకు నాలుగు లీటర్లు. బండి లేదు. మరిది కొడుకు చేత పాలు పంపించి నెలకు మూడు వందలు పెట్రోలుకు ఇచ్చేవారు. "బాబూ, వాడు ఐదొందలు అడుగుతున్నాడు, గేదెను అమ్మేస్తాను" అని సమావేశం రోజున నాతో అన్నారు. వంతులు మొదలైనప్పుడు ఆవిడకు బండి లేదు గనుక చేర్చుకోమన్నారు. చివరకు తన వంతు రోజున పెట్రోలు డబ్బు ఇచ్చేటట్లు, నాలుగిళ్ల క్యానులు కడిగి ఆరబెట్టేటట్లు ఒప్పుకున్నారు. నెలకు ఆవిడకు నూట ముప్పయి రూపాయలు పడుతున్నది. మరుసటి ఏడాది తనిఖీకి వెళ్లినప్పుడు ఆవిడ పాస్‌బుక్కు చూశాను, గేదె ఉన్నది.

వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి సభ్యుడూ మూడు అంకెలు రాసుకొని రావలసిందిగా కోరుతున్నాను: కేంద్రానికి రోజుకు తిరిగే కిలోమీటర్లు, బండి లీటరుకు ఇచ్చే కిలోమీటర్లు, గత పక్షం పాల బిల్లులోని మొత్తం లీటర్లు. కార్యదర్శులు పేటలవారీగా పేర్లు కలిపి ఒక పట్టిక సిద్ధం చేసి ఉంచండి. లెక్క రానివారు పాస్‌బుక్కు తెస్తే చాలు, అక్కడే వేసి చూపిస్తాను.