కాగితం చదివాకే ఫీజు

దుమ్ముగూడెం దగ్గర ఒక గూడెం. అక్కడ ఒక తల్లి, కూతురు. కూతురు ఇంటర్ పాసైంది. ల్యాబ్ పని నేర్చుకోవాలని ఆమె ఆశ.

సంతలో ఎవరో కాగితం పంచారు. ఫీజు కోసం తల్లి మేకలు అమ్మబోయింది. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చింది. కాగితాన్ని కూడబలుక్కుని చదివింది. "ఇంట్లోనే చదవండి. సర్టిఫికెట్ పోస్టులో వస్తుంది" అని ఉంది. ఆసుపత్రి మాట ఎక్కడా లేదు.

"ఇంట్లోనే అయితే మంచిదే కదమ్మా?" అంది కూతురు.

"నిరుడు నీకు జ్వరమొచ్చింది. వేలు గుచ్చి రక్తం తీసిండ్రు. గాజు పలక మీద పూసి, రంగేసి, మైక్రోస్కోపులో చూసిండ్రు. మలేరియా అని అప్పుడే తెలిసింది. ఆ పని పోస్టులో ఎట్లొస్తది బిడ్డా?"

తల్లి మాట నిజం. పాఠం ఇంట్లో చదవొచ్చు. చేతిపని ఆసుపత్రిలోనే నేర్వాలి. పరీక్ష తప్పితే రోగి ప్రాణానికే ముప్పు. ఇలాంటి ఆరోగ్య కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపవద్దని 2025లో యూజీసీ విశ్వవిద్యాలయాలకు చెప్పింది.

చేరే ముందు ఇవి అడగండి:

1. తెలంగాణ పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉందా?
2. ఏ ఆసుపత్రిలో పని నేర్పుతారు? ఎన్ని నెలలు?
3. మొత్తం ఫీజు ఎంత? రసీదు ఇస్తారా?

జవాబు నోటిమాటగా వద్దు. కాగితం మీద రాయించుకోండి. చదివాకే డబ్బు కట్టండి.

ఆ తల్లి మేకలు ఇంకా కొట్టంలోనే ఉన్నాయి.