ఉపదేశికి పట్టా ఇచ్చేముందు

ఉపదేశుల శిక్షణ బాధ్యత కొత్తగా నెత్తిన పడ్డవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఎన్ని వారాలు పెట్టాలి మాస్టారూ, పరీక్ష ఎన్ని మార్కులకు, సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం ఉండాలి అని అడుగుతారు. అవన్నీ మేత్రాసన కార్యాలయంలో దొరికే సంగతులే. బడిపంతులుగా ఉద్యోగం చేసుకుంటూ, రిటైరయ్యాక పూర్తిగానూ, కోస్తా పల్లెల ఉపదేశులకు పాఠాలు చెబుతూ ముసలివాణ్ణయ్యాను. నాకు తెలిసిందల్లా ఒకటే. ఆ పట్టా పుచ్చుకున్నవాడి కంటే ఇచ్చినవాళ్ల మీదే బరువు ఎక్కువ. మిగతా మాటలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

1. మనిషిని ఎంచవలసింది ఊరు

"ఖాళీగా ఉన్నాడు, పాటలు బాగా పాడతాడు, పంపిస్తున్నాను" అని విచారణ గురువు చీటీ రాసిస్తే వచ్చిన కుర్రవాళ్లు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. ఖాళీగా ఉండడం ఏ పనికీ అర్హత కాదు. గొంతు బాగున్నవాడికి మైకు మోజు ఉంటుంది, అదో తంటా. అతని ఊరికి ఒకసారి వెళ్లి గుడి దగ్గర కాకుండా బడ్డీకొట్టు దగ్గర కూర్చోండి. అప్పు తీసుకుంటే తీరుస్తాడా? సాయంత్రం ఏడు దాటాక ఎలా ఉంటాడు? రెండు వీధులవాళ్ల ఇళ్లలోనూ మంచినీళ్లు తాగుతాడా?

ఆ చివరి ప్రశ్న మన పల్లెల్లో తప్పించుకోలేనిది. జ్ఞానస్నానాలు అయినంత మాత్రాన కులం గుడిమెట్ల కింద ఆగిపోలేదు. ఒక వీధిలో పెళ్లికి ముందే వెళ్లి కూర్చుని, రెండో వీధిలో చావుకు తొంగిచూడనివాడు పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకున్నా అతన్ని వెనక్కి పంపండి. చదువు తక్కువైతే మనం నేర్పగలం. రెండు వీధులనూ ఒకేలా చూడడాన్ని ఆరు నెలల శిక్షణలో నేర్పగలిగినవాణ్ణి నేనింకా చూడలేదు.

2. కాగితం ఇద్దరినీ కట్టేస్తుంది

తెలుగునేల మీద కథోలిక విశ్వాసం నిలబడ్డ తీరు చూడండి. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి యేసుసభ గురువులు పుంగనూరు వైపు నుంచి పైకి వచ్చారు. నలుగురైదుగురు మనుషులు, జిల్లాలకు జిల్లాలు. ఊరికి గురువు ఏడాదికోసారి వస్తే గొప్ప. మిగతా రోజులన్నీ జపాలు నేర్పింది, రోగి పక్కన కూర్చున్నది, శవాన్ని పూడ్చింది స్థానిక ఉపదేశులే. 1773లో యేసుసభ రద్దయ్యాక ఆ గురువుల రాక కూడా పలచబడింది. ఆ తరువాత ఎందరో మిషనరీలు వచ్చారు, వారి పేర్లు గుడుల పలకల మీద ఉన్నాయి. ఉపదేశుల పేర్లు ఏ పలక మీదా కనిపించవు.

ఇది కృతజ్ఞతకు మాత్రమే సంబంధించిన మాట అనుకుంటే పొరపాటు. రెండో వాటికన్ మహాసభ 1965 డిసెంబరులో ప్రకటించిన 'ఆద్ జెంతెస్' పత్రం పదిహేడో భాగంలో ఉపదేశుల గురించి ప్రత్యేకంగా రాసింది. శిక్షణాలయాలు పెట్టమంది, మధ్యమధ్య పునశ్చరణ తరగతులు జరపమంది, పూర్తికాలం పనిచేసేవాళ్లకు న్యాయమైన వేతనం, సామాజిక భద్రత ఉండాలంది. 1983 నాటి శ్రీసభ చట్టంలో 231వ నిబంధన తీసి చూడండి. అందులో రెండు భాగాలున్నాయి. శ్రీసభ ప్రత్యేక సేవకు తనను తాను అప్పగించుకున్న గృహస్థుడు తగిన శిక్షణ పొంది తీరాలన్నది మొదటి భాగం. అతనికి గౌరవంగా బతకగల వేతనం, బీమా, ఆరోగ్య సదుపాయం పొందే హక్కు ఉందన్నది రెండోది. మనవాళ్లు మొదటి భాగం వరకు చదివి పుస్తకం మూసేస్తారు.

పట్టా ఇచ్చే రోజున బిషప్పుగారు ఫొటో దిగుతారు, దండ వేస్తారు. మర్నాటి నుంచి ఆ మనిషి సైకిలు రిపేరు ఎవరు చేయిస్తారు, వానాకాలం కూలి దొరక్కపోతే ఆ నెల ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది అని అడిగేవాళ్లు ఉండరు. అందుకే నా సలహా, సర్టిఫికెట్‌తో పాటు ఇంకో కాగితం రాయించండి. నెలకు ఎంత, ఏ తారీఖున, ఎవరిస్తారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఏడాదికి ఎన్ని రోజులు శిక్షణకు పిలుస్తారు. దాని మీద ఇచ్చేవాళ్ల సంతకం ముందు పడాలి. పడదు అంటే ఆ సంవత్సరం పట్టాలు ఆపేయండి. గొడవవుతుంది. కానివ్వండి.

3. మూడు కాగితాలు, మూడు పనులు

శిక్షణ పూర్తిచేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్ ఒకటి. "ఈ విచారణలో ఈ పని చెయ్యి" అని అప్పగించే ఆజ్ఞాపత్రం రెండోది. 2021 మే 10న ఫ్రాన్సిస్ పాపుగారు 'ఆంతీక్వుమ్ మినిస్తేరియుమ్' అనే లేఖతో స్థాపించిన ఉపదేశి పరిచర్య మూడోది. దానికి ప్రత్యేకమైన ప్రార్థనక్రమం వచ్చి 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అదే నెల 23న రోములో పాపుగారే కొందరు గృహస్థులకు, స్త్రీలకూ పురుషులకూ, సిలువలు అందించి ఆ పరిచర్య ఇచ్చారు.

ఈ మూడింటినీ కలిపేసి, నెల రోజుల కోర్సు చదివిన ప్రతి ఒక్కరికీ మెడలో సిలువ వేసి పంపే ఉత్సాహం అక్కడక్కడ కనిపిస్తోంది. మూడో పరిచర్య ఒకసారి ఇస్తే జీవితాంతం నిలిచేది, అందరికీ పంచేది కాదు. ఆదివారం పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేవాళ్లకు ఏటా తరగతులు మొదలయ్యేటప్పుడు గుడిలో అందరి ఎదుటా పని అప్పగిస్తే చాలునని రోము నుంచి వివరణ కూడా ఉంది. నేనైతే ఆ ఏటేటా అప్పగింతనే ఎక్కువ ఇష్టపడతాను. ఊరంతా చూస్తుంది, మరుసటేడు లెక్క అడగడానికి వీలుంటుంది.

4. కంఠస్థాన్ని వెక్కిరించకండి

పట్నం నుంచి పాఠం చెప్పడానికి వచ్చే చదువుకున్నవాళ్లకు బట్టీ అంటే చిన్నచూపు. త్రిత్వస్తోత్రం, పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు నోటికి రావాలి. మంచం పట్టిన ముసలమ్మకు కళ్లు పోయాక, చెవులు మందగించాక మిగిలేవి అవే.

కానీ అక్కడితో ఆపితే తయారయ్యేది టేపురికార్డరు. ఊళ్లో ఉపదేశికి ఎదురయ్యే ప్రశ్నలు ఏ పుస్తకం క్రమంలోనూ రావు. పక్కింటివాళ్లు సత్యనారాయణ వ్రతం ప్రసాదం పంపించారు, తినొచ్చా? మా అల్లుడు వెళ్లే సంఘంలో పాస్టరు మళ్లీ నీళ్లలో ముంచుతానంటున్నాడు, ముంచుకోవచ్చా? మరియమ్మ విగ్రహం ముందు కొబ్బరికాయ కొడితే తప్పా? ఉరివేసుకున్న పిల్ల కోసం పూజ చెప్పించొచ్చా? మౌఖిక పరీక్ష పెట్టేది ఇలాంటివాటి మీద. సరైన జవాబుకు సగం మార్కులే ఇవ్వండి, మిగతా సగం ఆ జవాబు చెప్పిన తీరుకు. పిల్ల పోయిన తల్లితో మాట్లాడుతున్నానన్న ధ్యాస లేకుండా నిబంధన చదివినవాణ్ణి ఇంకో ఆరు నెలలు ఉంచుకోండి.

శ్రీసభ మార్గదర్శక గ్రంథాలు, 1997 నాటిదీ 2020 నాటిదీ, ఉపదేశి ఎలా ఉండాలి, ఏం తెలిసుండాలి, ఏం చేయగలగాలి అని మూడు కోణాలు చెబుతాయి. మన ప్రశ్నపత్రాలు రెండోదాన్ని మాత్రమే కొలుస్తాయి. మూడోదాన్ని కొలవాలంటే ఒక శనివారం మధ్యాహ్నం నిజమైన పిల్లల్ని, ముప్పై మందిని, ఫ్యానులేని గదిలో కూర్చోబెట్టి ఇతణ్ణి లోపలికి పంపండి. మీరు కిటికీ బయట నిలబడండి. మొదటిదాన్ని కొలిచే దారి పైన మొదటి పాఠంలో చెప్పాను.

5. గురువు రాని రోజు కోసం తయారుచేయండి

పాపువా న్యూగినీలో రకునాయి అనే ఊరివాడు పీటర్ తో రోట్. 1912లో పుట్టాడు. తలిలిగాప్‌లో ఉపదేశుల బడికి 1930లో వెళ్లి, చదువయ్యాక సొంత ఊళ్లోనే పనికి కుదిరాడు. పెళ్లయింది, పిల్లలున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో జపాను సైన్యం వచ్చి మిషనరీలను నిర్బంధించింది. అప్పటి నుంచి ఆ విచారణ అతని మీదే నడిచింది. ప్రార్థనలు, జ్ఞానస్నానాలు, రోగుల పరామర్శ, పెళ్లిళ్లు, వాటి రిజిస్టర్లు అన్నీ. బహుభార్యత్వాన్ని మళ్లీ అనుమతించినప్పుడు దాన్ని ఎదిరించినందుకు జైల్లో పెట్టి 1945లో చంపేశారు. 2025 అక్టోబరు 19న అతన్ని పునీతుడిగా ప్రకటించారు. అతను పొందిన శిక్షణ ఆ రోజుకు సరిపోయింది, చూడండి.

మనకు 2020లో గుడులు మూతపడ్డప్పుడు కొన్ని పల్లెల్లో ఇంటింటా జపమాల ఆగలేదు, కొన్నింట్లో మొదటి వారానికే ఆగిపోయింది. ఉపదేశి ఒంటరిగా నిలబడగలవాడా, గంట కొట్టేవాడా అన్నది అప్పుడు తెలిసింది. శిక్షణలో ఆఖరి వారం గురువులెవరూ గడప తొక్కకుండా చూడండి. అన్నీ నేర్చుకునేవాళ్లే నడుపుకోవాలి, తగాదాలతో సహా.

6. నీళ్లు, మాటలు, రిజిస్టరు

ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు సరైన ఉద్దేశంతో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు, ఉపదేశికైతే ఇది మరీ బాగా తెలిసుండాలి. బొమ్మ పెట్టి చేయించి చూడండి. నీళ్లు తల మీద పారాలి, మాటలు అప్పుడే పలకాలి. ఆ తర్వాత పేరు, తేదీ, సాక్షులు విచారణ రిజిస్టరుకు చేరాలి. మూడోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

7. నేర్పేది ఆడవాళ్లు, పట్టా మగవాళ్లకా

పిల్లలకు జపాలు నేర్పుతున్నది ఎవరో ఏ గుడిలోనైనా తలుపు దగ్గర నిలబడి చూడండి. అంగన్వాడీ ఆయమ్మ, కుట్టుమిషనావిడ, డిగ్రీ చదువుతున్న అమ్మాయి. ఉపదేశి అని పిలిపించుకునేది, ఆ నాలుగు రూపాయలు అందుకునేది మాత్రం మగవాడు. 2021 నాటి లేఖలో పురుషులు, స్త్రీలు అని ఇద్దరినీ స్పష్టంగా రాశారు, కాబట్టి ఇక సాకు లేదు. రెసిడెన్షియల్ కోర్సు పెట్టి ఆడవాళ్లు రావడం లేదని ఫిర్యాదు చేయకండి. పత్తి తీతలు అయ్యాక, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, వాళ్ల విచారణలోనే పెట్టండి. చంటిపిల్లల్ని చూసే మనిషిని ఒకరిని కుదర్చండి, ఆ జీతం కూడా కోర్సు బడ్జెట్లోదే.

8. పిల్లల దగ్గరికి పంపేముందు

అమెరికాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలవాళ్లు అక్కడి విచారణల్లో పిల్లలకు పాఠం చెప్పాలంటే ముందు వాళ్ల నేరచరిత్ర తనిఖీ చేస్తారు, పిల్లల భద్రత మీద తరగతి పూర్తిచేయిస్తారు. 2002లో అక్కడి బిషప్పులు డాలస్‌లో కూర్చుని నియమావళి రాసుకున్నారు, అంతకుముందు జరిగిన ఘోరాలు బయటపడి తలెత్తుకోలేక రాసుకున్నారు. సెలవులకు వచ్చినప్పుడు ఆ కుటుంబాలవాళ్లు ఇది చెబితే మనవాళ్లు "మన ఊళ్లో అందరికీ అందరూ తెలుసు" అని నవ్వేస్తారు. తెలిసినవాళ్ల వల్లే పిల్లలకు ప్రమాదమని పోలీసు స్టేషన్లో ఎవరినడిగినా చెబుతారు. మనకు 2012 నుంచి పోక్సో చట్టం ఉంది. తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం ఆ చట్టం కింద నేరం. "ముందు ఫాదరుగారికి చెబుదాం, ఆయన చూసుకుంటారు" అన్న మాట ఇక్కడ చెల్లదని మొదటి రోజే బల్లగుద్ది చెప్పండి. ఇది రాని మనిషికి వేదశాస్త్రం ఎంత వచ్చినా పట్టా లేదు.

9. ఆ కాగితం అతని ఇంట్లో ఏం చేస్తుందో తెలుసుకోండి

దీని గురించి గట్టిగా మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ గుర్తింపు మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ క్రైస్తవం తీసుకున్న దళితులు బీసీ-సీ కిందికి వెళ్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. ఇక మీరు ఒక దళిత యువకుడికి మేత్రాసనం ముద్ర వేసి ఉపదేశి పట్టా ఇస్తున్నారు. అతని కూతురి ఇంజనీరింగు సీటు, తమ్ముడి ఉద్యోగం ఆ ముద్రతో ముడిపడి ఉన్నాయి.

అబద్ధం చెప్పమని నేర్పలేం. ధైర్యంగా ఉండమని, నష్టపోనివాళ్లం, మనం చెప్పడమూ అంత తేలిక కాదు. అతన్నీ అతని భార్యనూ కూర్చోబెట్టి జరగబోయేది ముందే వివరించండి, ఆలోచించుకోవడానికి గడువివ్వండి. వద్దనుకుంటే విశ్వాసం లేనివాడని ఎవరితోనూ అననివ్వకండి. సరే అన్నవాళ్ల పిల్లల ఫీజుల సంగతి మిషన్ విద్యాసంస్థలు నడుపుతున్న మనం చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు?

10. గడువు

పట్టా మీద గడువు రాయండి, మూడేళ్లో ఐదేళ్లో. గడువు అయినప్పుడు మళ్లీ రప్పించి వారం రోజులు కూర్చోబెట్టండి, ఊరిని మళ్లీ అడగండి. అవసరమైతే వెనక్కి తీసుకోవడం కూడా రావాలి. తీసుకునే ముందు రెండో పాఠంలో చెప్పిన కాగితం తెరిచి, మన వైపు మాట మనం నిలబెట్టుకున్నామో లేదో చూసుకోండి. జీతం ఎనిమిది నెలలు ఎగ్గొట్టి, మనిషి ఆటో నడుపుకుంటున్నాడని పట్టా రద్దుచేసే అధికారం ఎవరికీ లేదు.

కాళ్లు సాగని పాత ఉపదేశులను ఇంటిదగ్గర వదిలేయకండి. మౌఖిక పరీక్షకు వాళ్లే సరైన పరీక్షకులు. కుర్రవాడు రెండో వాక్యం చెప్పేసరికి వాళ్లకు సంగతి తెలిసిపోతుంది. బస్సు ఎక్కలేరు కాబట్టి బండి పంపండి. భోజనం, బండి కిరాయి, ఆ రోజు కూలి మేత్రాసనం లెక్కలో రాయండి.