తాకకనే తెరచుకొను కుళాయి: ప్రజా మరుగుదొడ్లలో ఆరోగ్య రక్షణ

రైలు స్టేషను, బస్సు స్టాండు, ఆసుపత్రి, సినిమాహాలు మొదలగు చోట్లనుండు మరుగుదొడ్లను దినమునకు వందలకొలది జనులు ఉపయోగింతురు. వారిలో ఆరోగ్యవంతులుందురు, రోగులుందురు. రోగము సోకియు లక్షణములు పైకి కానరానివారును ఉందురు. వీరందరును ఒకే తలుపు గడియను, ఒకే మగ్గు పిడిని, ఒకే కుళాయిని తాకుచుందురు. ఒకరి చేతినుండి వేరొకరి చేతికి వ్యాధి చేరుటకు ఇంతకంటె సులభమైన మార్గము వేరొకటి లేదు.

వ్యాధి వ్యాపించు విధము

కలరా, టైఫాయిడు, జిగట విరేచనములు, ఒక రకపు కామెర్లు మొదలగు వ్యాధులను కలిగించు సూక్ష్మక్రిములు రోగి మలములో ఉండును. మలవిసర్జనానంతరము నీటితో శుభ్రపరచుకొనుట మన దేశపు ఆచారము. ఆచారము మంచిదే. కాని ఆ పనికి వినియోగించిన చేయి సబ్బుతో కడుగబడు వరకు అపరిశుభ్రమైనదే. ఆ చేతితోనే మనుష్యుడు నీటి మీట నొక్కును, గడియ తీయును, కుళాయి త్రిప్పును. క్రిములు ఆ లోహముపై నిలిచిపోవును. వానిలో కొన్ని గంటలకొలదియు, నోరోవైరస్ వంటివి దినములకొలదియు అచ్చట చెడక యుండగలవు.

ఇచ్చట ఒక సంగతి ముఖ్యముగా గమనింపదగియున్నది. కుళాయిని తెరచునప్పుడు చేయి మలినము. మూయునప్పుడు చేయి నిర్మలము. శ్రద్ధగా చేతులు కడుగుకొన్నవాడు, కుళాయిని కట్టివేయుటకై, తానే మలినపరచిన పిడిని మరల పట్టుకొనుచున్నాడు. తనకు పూర్వము వచ్చినవారు విడిచిన మాలిన్యమును కూడ దానితోపాటు అందుకొనుచున్నాడు. రక్తవిరేచనములు కలిగించు షిగెల్లా క్రిములు పది మొదలు నూరు వరకు కడుపులోనికి పోయినను వ్యాధి కలుగవచ్చును. కావున కంటికి కానరాని ఆ కొద్దిపాటి మాలిన్యమును ఉపేక్షింపరాదు. ఇంటికి చేరిన పిమ్మట ఆ చేతితో పసిబిడ్డకు అన్నము తినిపించినచో అపాయము మరింత ఎక్కువ.

తాకనవసరము లేని పరికరములు

ఇది కేవలము నూతనమైన ఆలోచన కాదు. 1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, కాన్పులు చేయువారు సున్నపు క్లోరైడు ద్రవముతో చేతులు కడుగుకొనవలెనని కట్టడి చేయగా బాలింతల మరణములు మిక్కిలి తగ్గెను. చేతి శుభ్రత విలువ క్రమముగా తెలిసివచ్చిన కొలది, శస్త్రచికిత్స గదులలో మోచేతితో గాని, కాలితో గాని తెరువదగిన కుళాయిలు ఏర్పడెను. ఆ సౌకర్యమే ఇప్పుడు ప్రజా మరుగుదొడ్లకు వచ్చుచున్నది.

ఇట్టి పరికరములు రెండు విధములు. మొదటిది విద్యుత్తుతో పనిచేయునది. కుళాయి ముఖమునుండి కంటికి కానరాని పరారుణ కిరణములు వెలువడుచుండును. చేయి చాచినంతనే ఆ కిరణములు చేతికి తగిలి వెనుకకు మరలును. వానిని గ్రహించు చిన్న పరికరము విద్యుత్తుచే లోపలి కవాటమును తెరచును. చేయి తీసినంతనే కవాటము మూసుకొనును. మరుగుదొడ్డిలో నీరు వదలు యంత్రము, సబ్బు ద్రవమునిచ్చు పెట్టె కూడ ఈ పద్ధతిపైననే పనిచేయును.

రెండవది కాలితో నడుపునది. దీనికి విద్యుత్తు అక్కరలేదు. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు కపూర్తలా రైలు పెట్టెల కర్మాగారమువారు ఒక క్రొత్తరకపు పెట్టెను సిద్ధపరచిరి. అందలి కుళాయి, సబ్బు పెట్టె, మరుగుదొడ్డి నీటి మీట, తలుపు గడియ కాలితో పనిచేయునట్లు అమర్చబడెను. చేతితో పట్టుకొనక తప్పని కమ్మీలకు రాగి పూత పూయబడెను. కోవిడ్ ముఖ్యముగా గాలి ద్వారా వ్యాపించునని తరువాత స్పష్టపడినది. అయినను విరేచన వ్యాధుల నివారణకు ఇట్టి ఏర్పాటుల విలువ ఏ మాత్రమును తగ్గదు.

పల్లెటూరి పాఠశాలలో సైతము దీనిని స్వల్ప వ్యయముతో ఏర్పరచుకొనవచ్చును. రెండు పంగల కర్రలు పాతి, వానిపై అడ్డకర్ర నుంచి, చిన్న రంధ్రము చేసిన ప్లాస్టిక్ డబ్బాను నీటితో నింపి వ్రేలాడదీయవలెను. డబ్బా మెడకు కట్టిన త్రాటి రెండవ కొనను నేలపైనున్న కర్రకు ముడివేయవలెను. కాలితో ఆ కర్రను త్రొక్కగా డబ్బా వంగి నీరు కారును. ప్రక్కన సబ్బును త్రాటితో వ్రేలాడగట్టవలెను. దీనికి ‘టిప్పీ ట్యాప్’ అని పేరు.

లాభములు

మొదటి లాభము, కడిగిన చేయి మరల మలినము కాకుండుట. రెండవది, నీటి పొదుపు. నిమిషమునకు 6 లీటర్లు ప్రవహించు కుళాయిని సబ్బు రుద్దుకొను 20 సెకండ్లసేపు తెరచియుంచినచో 2 లీటర్లు వృథా యగును. దినమునకు 500 మంది ఇట్లు చేసినచో 1,000 లీటర్లు మురుగుకాలువ పాలగును. మూడవది, చేతివ్రేళ్లకు పట్టు లేని వృద్ధులకు, కీళ్లవాతము గలవారికి, కుష్ఠువ్యాధివలన వ్రేళ్లు వంకరపోయినవారికి పరారుణ కిరణముల కుళాయి ఎంతయు ఉపకరించును. కాళ్లకు బలము లేనివారికి కాలి మీట పనికిరాదు గనుక ఒకే చోట రెండు విధములును ఉండుట మేలు.

జాగ్రత్తలు

యంత్రము అమర్చినంతనే ఆరోగ్యము చేకూరదు. విద్యుత్తు ఆగినను, బ్యాటరీ అయిపోయినను కుళాయి మూగపోవును. నీరు రాని కుళాయి, తాకనవసరము లేనిదైనను, నిష్ప్రయోజనము. కావున ప్రక్కనే ఒక సాధారణ కుళాయి కూడ ఉండవలెను. నీరు నిలువయున్న గొట్టములలో లెజియోనెల్లా అను క్రిమి పెరుగవచ్చును. ఆ నీటి తుంపరలు శ్వాసతో లోనికి పోయినచో ఒక విధమైన న్యుమోనియా కలుగును. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో పరీక్షింపగా, సాధారణ కుళాయిలకంటె విద్యుత్ కుళాయిల నీటిలోనే ఈ క్రిమి హెచ్చుగా కనబడినదని 2011లో వెల్లడియైనది. కావున ఆసుపత్రులలో ఇట్టి కుళాయిలను తరచుగా పరీక్షింపవలెను. వాడుకలేని కుళాయిలనుండి అప్పుడప్పుడు నీరు విడువవలెను.

పౌరులు చేయదగినవి

ఇట్టి పరికరములు లేనిచోట సైతము ప్రతివారును తమ్ము తాము రక్షించుకొనవచ్చును. చేతులకు సబ్బు రుద్దుకొనునప్పుడు ఆ నురుగుతోనే కుళాయి పిడిని కూడ రుద్దవలెను. చేతులు కడుగుకొని, దోసిటి నీటితో పిడిని కడిగి, పిమ్మట కుళాయిని మూయవలెను. మీట కుళాయియైనచో మోచేతితో మూయవచ్చును. తడిచేతులను చీరకొంగుతో గాని, పంచెతో గాని తుడువక, శుభ్రమైన చేతిరుమాలుతో తుడుచుకొనవలెను.

సబ్బు లేనిచో ఎంత ఖరీదైన కుళాయియైనను చేతి మాలిన్యమును చక్కగా పోగొట్టజాలదు. పురపాలక సంఘములు, పాఠశాలలు, ఆసుపత్రులు మొదట నీటిని, సబ్బును ఎడతెగక సమకూర్చవలెను. పిమ్మట తమ శక్తికొలది తాకనవసరము లేని పరికరములను అమర్చవలెను. వానిని పాడుచేయక కాపాడుకొనుట ఉపయోగించువారి విధి. ఒకడు శుభ్రముగా విడిచిన కుళాయి, అతని వెనుక వచ్చు నూరుగురకు రక్షణ కల్పించును.