ఎలక్ట్రిక్ ట్రక్కు కొంటే అది పూర్తిగా మనదేనా? డీలరు, నెలవారీ చందా లేని బండి కథ, మన లెక్క



పై వీడియోలో చూసిన బూడిద రంగు బండి పేరు స్లేట్ ట్రక్కు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన స్లేట్ ఆటో అనే కొత్త కంపెనీ 2025 ఏప్రిల్‌లో దీన్ని జనానికి చూపించింది. మన దేశంలో అమ్మకానికి లేదు. మరి ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు దీంతో పనేంటి అంటారా? పని ఉంది. విత్తనం విషయంలో మనం ఏ ప్రశ్న వేస్తున్నామో, ఈ బండి తయారుచేసినవాళ్లు కూడా అదే ప్రశ్న దగ్గర మొదలుపెట్టారు. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాక ఇది నాదేనా, లేక ప్రతిసారీ అమ్మినవాడి గడపే తొక్కాలా? నాటు విత్తనం దాచుకుంటే వచ్చే ఏడు మళ్లీ వేసుకోవచ్చు. హైబ్రిడ్ అయితే ఏటేటా దుకాణానికి పోవాల్సిందే. బండ్లలో కూడా ఇప్పుడు ఈ రెండు రకాలూ వచ్చేశాయి. కొనేముందు ఏది ఏదో గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఈ పాఠం అందుకోసమే.

ఏమేం తీసేశారో చూడండి

ఈ ట్రక్కులో ఉన్నవాటికంటే లేనివే ఎక్కువ. పెయింట్ లేదు. బాడీ పైభాగాలు బూడిద రంగు ప్లాస్టిక్ పలకలు, ఫ్యాక్టరీలో అందరికీ ఒకటే రంగు. వేరే రంగు కావాలంటే స్టిక్కర్ లాంటి పొర కొనుక్కుని మనమే అతికించుకోవాలి. పెయింట్ విభాగం పెట్టాలంటే కార్ల ఫ్యాక్టరీకి పెద్ద ఖర్చు, దాన్నే ఎత్తేశారు. పెద్ద టచ్‌స్క్రీన్ లేదు, మన ఫోనే పెట్టుకోవాలి. పాటల పెట్టె లేదు. అద్దాలు చేత్తో తిప్పుకునేవే, మన పాత అంబాసిడర్‌లో ఉండేవి గుర్తున్నాయా, అవే. సీట్లు రెండు. తర్వాత కుటుంబం పెరిగితే వెనక సీటు, పైకప్పు ఒక కిట్టుగా కొని బిగించుకుని ఐదుగురు కూర్చునే బండిగా మార్చుకోవచ్చు.

మామూలు బ్యాటరీ 52.7 యూనిట్లు (కిలోవాట్ అవర్లు). ఒక ఛార్జింగ్‌కు 150 మైళ్లు, అంటే సుమారు 240 కిలోమీటర్లు అని కంపెనీ లెక్క. పెద్ద బ్యాటరీ పెట్టించుకుంటే 240 మైళ్లు. బరువు సుమారు 650 కిలోలు మోస్తుంది. ఇక్కడ ఒక మాట. ఆ 650లో డ్రైవరు, పక్కన కూర్చున్న మనిషి బరువు కూడా కలిసే ఉంటుంది. ఇద్దరు ఎక్కితే సరుకుకు మిగిలేది 500 కిలోల పైచిలుకు. 75 కిలోల వడ్ల బస్తాలైతే ఆరో ఏడో. మన దగ్గర ఏ బండి కాగితం చూసినా మోసే బరువు అన్న అంకె దగ్గర ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

డీలరు లేకపోతే ఏమవుతుంది?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కార్ల కంపెనీ నేరుగా కొనేవాడికి అమ్మకూడదు, డీలరు ద్వారానే అమ్మాలి అని చట్టాలున్నాయి. ఒకప్పుడు పెద్ద కంపెనీలు చిన్న డీలర్లను తొక్కేయకుండా కాపాడటానికి వచ్చినవి అవి. టెస్లా ఆ గోడను దాటడానికి రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో పోరాడింది. టెక్సాస్‌లో ఫ్యాక్టరీ పెట్టినా, ఆ రాష్ట్రంలో షోరూం నుంచి నేరుగా అమ్మే వీలు దానికి లేదు. స్లేట్ కూడా నేరుగా అమ్మే దారే పట్టింది. ఆన్‌లైన్‌లో 50 డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకోవాలి, వద్దనుకుంటే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు.

దళారీ లేకుండా అమ్మడం అంటే మనకు ఇష్టమే. మన బియ్యం, మన మామిడిపళ్లు తినేవాళ్లకు నేరుగా ఇవ్వాలనే కదా ఇంత కష్టపడుతున్నాం. కానీ బియ్యానికీ బండికీ ఒక తేడా ఉంది. బియ్యం తిన్నాక అయిపోతుంది. బండి పదేళ్లు ఉంటుంది, మధ్యలో చెడిపోతుంది. డీలరు తీసుకునే కమిషన్ పోతే మంచిదే, డీలరు వెనక ఉన్న వర్క్‌షాపు కూడా పోతే మాత్రం మనమే ఇరుక్కుంటాం. స్లేట్ ఇందుకు రెండు దారులు చెప్పింది. చిన్న చిన్న పనులు వీడియోలు చూసి యజమానే చేసుకోవచ్చు. మిగతావాటికి రిపేర్‌పాల్ అనే గొలుసులో ఉన్న మామూలు గ్యారేజీలకు పోవచ్చు. సొంతంగా రిపేరు చేసుకున్నంత మాత్రాన వారంటీ రద్దు చేయకుండా అక్కడ 1975 నాటి చట్టం ఒకటి కొనేవాళ్లకు అండగా ఉంది.

రైతులకు ఇది ఎంత పెద్ద విషయమో ట్రాక్టర్ల కథ చూస్తే అర్థమవుతుంది. జాన్ డీర్ ట్రాక్టర్లు, కోత మిషన్లలో తప్పును కనిపెట్టే పూర్తి సాఫ్ట్‌వేర్ డీలర్లకే ఇస్తోందని, దాంతో రైతు సొంతంగా గానీ బయటి మెకానిక్‌తో గానీ బాగుచేయించుకోలేకపోతున్నాడని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో కేసు వేసింది. అంతకుముందే 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కు మీద చట్టం చేసింది, ఆ దేశంలో అదే మొదటిది. పంట చేలో నిలబడి ఉంది, మిషన్‌లో ఒక సెన్సర్ పోయింది, మెకానిక్ పక్కనే ఉన్నాడు, అయినా కంప్యూటర్ తాళం తీసేది డీలరు మనిషే. కోత రోజుల్లో నాలుగు రోజులు ఆగితే రైతుకు ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

చందా ఎక్కడెక్కడ దాక్కుంటుంది?

చందా అంటే ఓటీటీకి కట్టినట్టు నెలనెలా కట్టడం. బీఎండబ్ల్యూ కంపెనీ 2022లో కొన్ని దేశాల్లో సీటు వెచ్చబరిచే సౌకర్యానికి నెలవారీ రుసుము పెట్టింది. హీటరు కారులోనే బిగించి ఉంటుంది, డబ్బు కడితేనే పనిచేస్తుంది. జనం తిట్టిపోశాక 2023లో ఆ పద్ధతి మానుకుంది.

మన దేశంలో మాత్రం చందా వేరే రూపంలో వస్తోంది: బ్యాటరీ అద్దె. ఎంజీ విండ్సర్ అనే ఎలక్ట్రిక్ కారు 2024 సెప్టెంబరులో వచ్చినప్పుడు రెండు ధరలు చెప్పారు. బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు 3.50 రూపాయలు అద్దె. బ్యాటరీతో కలిపి కొంటే 13.50 లక్షలు. తేడా మూడున్నర లక్షలు. దాన్ని 3.50తో భాగిస్తే లక్ష కిలోమీటర్లు. అంటే వడ్డీ సంగతి పక్కన పెడితే, లక్ష కిలోమీటర్ల దగ్గర రెండూ సమానం. అక్కడి నుంచి కొన్నవాడికి కరెంటు ఖర్చే, అద్దెకు తీసుకున్నవాడికి కరెంటుతో పాటు అద్దె కూడా.

ఇది మోసం అనను. చేతిలో డబ్బు లేనివాడికి, తక్కువ తిరిగేవాడికి అద్దె పద్ధతి కలిసిరావచ్చు. సరుకు బండ్లకు కూడా ఇలాంటి పథకాలు చెబుతున్నారు కాబట్టి, ఈ భాగహారం మీరే కాగితం మీద వేసుకోండి. నెలకు ఇన్ని కిలోమీటర్లకైనా కట్టాలి అనే షరతు ఉందేమో అడగండి. వానాకాలంలో బండి రెండు నెలలు చెట్టు కింద నిలబడితే ఆ రెండు నెలలకూ అద్దె పడుతుందా, అది కూడా. అద్దె కట్టడం ఆలస్యమైతే బండిని దూరం నుంచే ఆపేసే హక్కు వాళ్లకు ఉందా అన్నది అన్నిటికంటే ముఖ్యం. ఉంటే ఆ బండి ఇంకా మీది కాదు.

చౌక అన్న మాట ఎలా మారిపోయింది

స్లేట్ మొదట 20 వేల డాలర్ల లోపే అని ప్రకటించింది. ఆ అంకె కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ తీసేసి చెప్పినది. ఆ రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. బండి అదే, ధర మాత్రం 25 వేల డాలర్ల చుట్టూ అని చెప్పుకోవాల్సి వచ్చింది. మన దగ్గర కూడా ఫేమ్-2 పథకం 2024 మార్చి 31తో ముగిసినప్పుడు ఇలాగే అయింది. సబ్సిడీ వస్తే తీసుకోవాలి, కాదనను. కానీ సబ్సిడీ లేకపోయినా గిట్టుబాటు అవుతుందా అని ముందు చూసుకోవాలి.

ఇంకో భయం కూడా ఉంది. నేరుగా అమ్మే కొత్త కంపెనీ మూతపడితే? లార్డ్స్‌టౌన్ అనే ఎలక్ట్రిక్ ట్రక్కుల కంపెనీ 2023 జూన్‌లో దివాలా తీసింది. ఫిస్కర్ 2024 జూన్‌లో, కానూ 2025 జనవరిలో. ఫిస్కర్ కార్లు కొన్నవాళ్లు సాఫ్ట్‌వేర్ కోసం, విడిభాగాల కోసం తామే ఒక సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. కంపెనీ సర్వర్‌తో మాట్లాడితే తప్ప కదలని బండి అయితే, కంపెనీ పోయిన రోజు యజమాని దిక్కులు చూడాలి. అద్దం చేత్తో తిప్పుకునే బండి చూడ్డానికి పాతకాలంగా ఉన్నా, ఆ విషయంలో మనకే లాభం. స్లేట్ మొదటి డెలివరీలు 2026 చివర్లో అని కంపెనీ చెప్పింది. అమెరికాలో ఉన్న మన పిల్లలెవరైనా తోట పెట్టుకుని ఇది బుక్ చేద్దామంటే 50 డాలర్లతో పోయేది లేదు, పెద్ద మొత్తం మాత్రం బండి రోడ్డు మీద తిరగడం చూశాక కట్టమనండి.

మన ఊళ్లో లెక్క

మన దగ్గర ఇలాంటి చిన్న సరుకు బండికి ఉదాహరణ టాటా ఏస్ ప్రో ఈవీ. 2025 జూన్‌లో 6.50 లక్షల షోరూం ధరతో వచ్చింది. 750 కిలోలు మోస్తుందని, 14.4 యూనిట్ల బ్యాటరీతో 155 కిలోమీటర్లు పోతుందని కంపెనీ చెబుతుంది. నిండు లోడుతో, మన రోడ్ల మీద 100 అనుకుని లెక్క వేద్దాం. ఛార్జింగ్‌లో వృథాతో కలిపి 16 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు అనుకుంటే 128 రూపాయలు. కిలోమీటరుకు రూపాయిన్నర లోపే. అదే డీజిల్ బండి లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే, లీటరు 96 అనుకున్నా కిలోమీటరుకు 6 రూపాయలు. తేడా నాలుగున్నర పైనే. మీ ఊరి ధరలు వేసి సరిచూసుకోండి.

వారానికి రెండుసార్లు పట్నం సంతకు కూరగాయలు తీసుకెళ్లే రైతు ఏడాదికి 3 వేల కిలోమీటర్లు తిరుగుతాడనుకోండి. మిగిలేది 14 వేలు. ఆరున్నర లక్షల బండికి అది వడ్డీకి కూడా చాలదు. అలాంటివాళ్లు కొనొద్దనే నా మాట, ఆటో కిరాయే మేలు. పది పన్నెండు మంది రైతులు లేదా ఒక ఎఫ్‌పీఓ కలిసి కొని, ఘనజీవామృతం బస్తాల నుంచి మామిడి క్రేట్ల దాకా అన్నీ తిప్పి ఏడాదికి 20 వేల కిలోమీటర్లు నడిపితే 90 వేల పైన మిగులుతుంది. అప్పుడు బండి కొనడంలో అర్థం ఉంది. ద్రవజీవామృతం డ్రమ్ములు ఎక్కించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటే రెండు క్వింటాళ్ల పైన తూగుతుంది.

ఛార్జింగ్ గురించి చాలామంది పొరబడేది ఒకటుంది. బోరు మోటారుకు ఇచ్చిన వ్యవసాయ కరెంటుతో బండి ఛార్జింగ్ పెట్టకూడదు. అది మోటారు కోసం ఇచ్చిన కనెక్షన్. వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 2003 కింద అనధికార వాడకమే అవుతుంది, జరిమానా పడుతుంది. ఇంటి మీటరు నుంచే పెట్టండి, లోడు సరిపోతుందో లేదో లైన్‌మన్‌ను అడగండి, ఎర్తింగ్ సరిగ్గా వేయించండి. రాత్రి వోల్టేజీ పడిపోయే ఊరైతే కొనేముందు మీ ఇంట్లోనే ఒకసారి ఛార్జింగ్ పెట్టి చూపించమనండి. బ్యాటరీ ఏ రకమో కూడా అడగండి. ఎల్‌ఎఫ్‌పీ రకం మన ఎండలకు బాగా తట్టుకుంటుంది, ఎక్కువసార్లు ఛార్జింగ్‌కు నిలుస్తుంది.

షోరూంకు పోయినప్పుడు బండి చూసే ముందు సర్వీసు షెడ్డు చూడండి. మీ మండలానికి దగ్గరలో దీన్ని విప్పడం తెలిసిన మెకానిక్ ఎవరు, బ్యాటరీ బయట కొంటే ఎంత, వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత శాతం కంటే పడిపోతే మారుస్తారు, ఫోన్ యాప్ లేకుండా బండి నడుస్తుందా, మొదటి ఏడాది తర్వాత ఆ యాప్‌కు డబ్బు కట్టాలా. జవాబులు నోటిమాటగా వద్దు, కొటేషన్ కాగితం మీదే రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఇంకో కంపెనీ బండి చూద్దాం, తొందరేం లేదు.

తెలంగాణ రైతులకు మాత్రం ఒక గడువు ఉంది. 2024 నవంబరులో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఎలక్ట్రిక్ బండ్లకు, తేలికపాటి సరుకు బండ్లతో సహా, రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకే. బ్యాటరీ బండ్లకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2018లోనే చెప్పింది. కొటేషన్‌లో పర్మిట్ ఖర్చు అని ఎవరైనా రాస్తే, అదేంటో అడగండి.